ఆరాధన విమర్శ కాదు

ఒక కొత్త మాట వాడుకలోకి వచ్చిందంటే దాని వెనక ఎవరిదో ఒక అవసరం వుంటుంది. ఆ అవసరం ఎవరిదో విచారించకుండా మాటను నెత్తికెత్తుకోవడం సాహిత్యంలో ఎంత ప్రమాదమో, చలనచిత్రాల విషయంలోనూ అంతే ప్రమాదం. ఇటీవలి సంవత్సరాలలో తెలుగు యువకుల నోటా, సినిమా సభల వేదికల మీదా మారుమోగుతున్న మాట 'కల్ట్'. 1980 మొదలు పదేళ్ళలో వచ్చిన చిత్రాలలో మామూలు మూసలో ఇమడని ప్రతిదానికీ ఈ ముద్ర పడుతున్నది. నరసింగరావు 'దాసి' కల్ట్. వంశీ 'లేడీస్ టైలర్' కల్ట్. సింగీతం శ్రీనివాసరావు మాటలు లేకుండా తీసిన 'పుష్పక విమానం' కల్ట్. జంధ్యాల హాస్యం కల్ట్. ఒకదానితో ఒకటి పొసగని చిత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టివేయగల ఈ మాట నిజానికి ఏం చెబుతున్నది? నాకు నచ్చింది, ఎందుకు నచ్చిందని నన్ను అడగవద్దు అని చెబుతున్నది. అంతకు మించి ఏమీ చెప్పడం లేదు.

ఈ మాటకు పుట్టిల్లు మత చరిత్ర. ఒక దేవత చుట్టూ, ఒక గురువు చుట్టూ చేరిన చిన్న భక్త సమూహం, దాని ఆరాధనా విధానం: ఇదీ దాని అసలు అర్థం. అమెరికాలో అది సినిమాకు అంటుకోవడానికి ఒక కారణం వుంది. 1970 తర్వాత న్యూయార్కు నగరంలో కొన్ని థియేటర్లు అర్ధరాత్రి ఆటలు వేశాయి. 'ఎల్ తోపో' ఆ విధంగా ఆడింది. 1975లో వచ్చి మొదట చతికిలబడిన 'రాకీ హారర్ పిక్చర్ షో' 1976 నుంచి అర్ధరాత్రి ఆటల్లోనే బతికింది. ఆ జనం ఒక హాలుకు, ఒక వేళకు, మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. వేషాలు కట్టి వచ్చేవారు. తెర మీది మాటలకు బదులు పలికేవారు. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కనీసం అక్కడ ఒక హాలు వుంది, ఒక జనం వుంది, ఒక అలవాటు వుంది. మన దగ్గర హాలు లేదు, జనం లేరు, అలవాటు లేదు. మాట మాత్రం దిగుమతి అయింది. ఇప్పుడు కొత్త చిత్రం విడుదలైన వారం తిరక్కుండానే నిర్మాతలే 'కల్ట్ బొమ్మ' అని ప్రకటించుకుంటున్నారు. భక్తులకంటే ముందే దేవుడు గుడి కట్టుకుని కూర్చున్నాడన్న మాట!

ఎనభయ్యవ దశకపు చిత్రాల మీద తేలికగా విసిరే అభిప్రాయాలు ముఖ్యంగా మూడు. ఆ చిత్రాలు కాలం కంటే ముందు వచ్చాయి, ఆనాటి జనానికి అర్థం కాలేదు అన్నది మొదటిది. చిత్రం గొప్పదే గాని నత్తనడక నడుస్తుంది అన్నది రెండవది. హాయిగా నవ్వుకోక ఈ తవ్వకాలు ఎందుకు అన్నది మూడవది. మూడూ అమాయకంగా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఒక అన్యాయం దాగి వుంది.

మొదటి అభిప్రాయాన్ని తీసుకుందాం. జనానికి అర్థం కాలేదట! ఏ జనానికి? నేను ఈ వ్యాసం రాస్తున్నది ముదినేపల్లి నుంచి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో వుండి, అప్పటినుంచి ఏలూరు జిల్లాలో చేరిన మండలం ఇది. ఈ మండలంలోని పెయ్యేరులో పుట్టిన దుక్కిపాటి మధుసూదనరావు అన్నపూర్ణా పిక్చర్స్ స్థాపించి 1955లో 'దొంగరాముడు' తీశారు. గుడివాడ పక్క రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు, ఆదుర్తి సుబ్బారావుతో కలిసి, లాభాల లెక్క పక్కన పెట్టి 1968లో 'సుడిగుండాలు', 1970లో 'మరో ప్రపంచం' తీశారు. అంతకు చాలా ముందు, ఈ ప్రాంతపు బిడ్డే అయిన గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. 'మాలపిల్ల' కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించినది ఆ ధర్మారావే. 'మాలపిల్ల'ను జనం విరగబడి చూశారు. 'రైతుబిడ్డ' కొన్నిచోట్ల నిషేధానికి గురయింది. అర్థం కాని చిత్రాన్ని ఎవరూ నిషేధించరు. మరీ బాగా అర్థమవుతుందని భయపడినప్పుడే నిషేధిస్తారు.

కాబట్టి అర్థం కాకపోవడం అనేది కల్పించిన కారణం. అసలు కారణం వ్యాపారంలో వుంది. మన తీరాంధ్రలో ఆ రోజుల్లో చిత్రం జనాన్ని చేరాలంటే పంపిణీదారు కొనాలి, హాలు యజమాని వారం ఇవ్వాలి, వాల్ పోస్టరు పడాలి, రిక్షాలో మైకు తిరగాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ చిత్రం తీసీ తీయనట్టే. దీనికి తోడు ఎనభయ్యవ దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబు పద్ధతి వచ్చింది. టిక్కెట్లు ఎన్ని తెగాయన్న దానితో నిమిత్తం లేకుండా, హాలు స్థాయినీ సీట్లనూ బట్టి నిర్ణయించిన మొత్తం వినోదపు పన్నుగా కట్టవలసి వుండేది. నిండిన హాలుకు అది వరం. సగం నిండిన హాలుకు శిక్ష. అగ్ర నటుల చిత్రానికి హాలు నిండుతుంది, చిన్న చిత్రానికి మొదటి వారం నిండదు. ఇక ఏ యజమాని ఏ చిత్రాన్ని ఎంచుకుంటాడో చెప్పడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. నేల టిక్కెట్టు కొనే కూలివాడికి 'రంగుల కల' అర్థం కాలేదని నేడు తీర్పు చెప్పేవారు, అతని ఊరి హాలుకు ఆ చిత్రం ఏనాడైనా వచ్చిందా అని ముందు విచారించాలి. వడ్డించని విస్తరి ముందు కూర్చోబెట్టి, వీడికి ఆకలి లేదని చాటడం ఎక్కడి న్యాయం?

1983లో వచ్చిన 'రంగుల కల'కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. ఒక చిత్రకారుడు తన కుంచె ఎవరి గోడకు అలంకారం కావాలి, ఎవరి బతుకుకు అద్దం కావాలి అని మథనపడే కథ అది. నరసింగరావు తానే దర్శకుడు, తానే ఆ చిత్రకారుడి పాత్రధారి. ఆ దశకంలో బహుమతి పొందిన ప్రాంతీయ చిత్రాలు చాలామంది కళ్ళబడింది హాళ్ళలో కాదు. దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం వేసిన ప్రాంతీయ భాషా చిత్రాల కార్యక్రమంలో. అంటే టీవీ పెట్టె వున్న ఇంట్లో, అన్నం తిని కునుకు తీసే వేళలో. కళాకారుడి బాధ్యతను ప్రశ్నించిన చిత్రానికి మన వ్యవస్థ ఇచ్చిన స్థానం అది. కొద్దిమందే చూశారన్నది ఆ చిత్రానికి కిరీటం కాదు. దానికి జరిగిన అన్యాయం. ఆ అన్యాయాన్నే ఘనతగా మార్చి మెడలో వేసుకుని తిరగడమే కల్ట్ ఆరాధన. నలుగురికీ తెలియనిది నాకు తెలుసు అన్న దర్పం ఒకప్పుడు శాస్త్రం చెవిలో చెప్పుకున్నవారిది. అదే దర్పం ఇప్పుడు జీన్సు తొడుక్కుని వచ్చింది.

ఇక రెండవ అభిప్రాయం, నత్తనడక. ఈ మాట ఎక్కువగా తగులుతున్నది 1988 నాటి 'దాసి'కి. ఉత్తమ తెలుగు చిత్రంతో కలిపి ఐదు జాతీయ బహుమతులు దానికి వచ్చాయని చెప్పి, వెంటనే "కానీ చాలా స్లో" అంటారు. బహుమతుల సంఖ్య చెప్పడం గౌరవం, స్లో అనడం తీర్పు. ఈ రెంటి మధ్య చిత్రం మాయమవుతుంది. 'దాసి' కథ 1920ల నాటి తెలంగాణ గడీలో జరుగుతుంది. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడమనిషి కమలాక్షి. ఆమె శరీరం దొరది, ఆమె శ్రమ దొరసానిది, ఆమె కడుపులో పడిన బిడ్డ బతకాలో వద్దో చెప్పే అధికారం కూడా ఆ గడీదే. దర్శకుడు మాటలు తగ్గించాడు. పనిని పని పట్టేంత నిడివిలోనే చూపించాడు. ఎందుకు? దాసి రోజు త్వరగా గడవదు కనుక. ఆమె కాలం ఆమె చేతిలో లేదు కనుక. కూర్పరి కత్తెరతో ఆ పనిని కత్తిరించి మూడు క్షణాల్లో చూపిస్తే మనకు సుఖంగానే వుంటుంది. ఆ సుఖం మాత్రం దొర సుఖం. పని జరిగిపోతుంది, ఎవరు చేశారో ఎంతసేపు చేశారో కనిపించదు. చిత్రం నిదానంగా నడుస్తున్నదని విసుక్కునే ప్రేక్షకుడు తెలియకుండానే గడీ అరుగు మీద కూర్చుని, ఇంకా నీళ్ళు రాలేదేమని కేకవేస్తున్నాడు. వస్తువూ శిల్పమూ వేరు వేరు కావని మనం కవిత్వం విషయంలో ఏళ్ళ తరబడి వాదించాం. అదే సూత్రానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ తెర మీద వుంటే, దాన్ని ఒక్క ఇంగ్లీషు మాటతో కొట్టిపారేయడం అలసత్వం.

మూడవ అభిప్రాయం అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే అందులో కొంత నిజముంది. ప్రతి నవ్వుకూ సంజాయిషీ అడగకూడదు. పొద్దంతా చెరువు గట్ల మీద ఎండలో మాడినవాడు రాత్రికి నవ్వుకోవాలనుకుంటే అతనికి పాఠం చెప్పడానికి నేనెవరిని? నిజమే. అయితే ఆ నవ్వు దేనిమీద అని అడగడం నవ్వును నిషేధించడం కాదు. 'లేడీస్ టైలర్' చూడండి. చేతిలో చక్కని పనితనం వున్న దర్జీ సుందరం, ఆ పనిని ఎగ్గొట్టి, కుడితొడ మీద పుట్టుమచ్చ వున్న అమ్మాయిని పెళ్ళాడితే అదృష్టం కలిసివస్తుందన్న జోస్యం పట్టుకుని ఊరి ఆడవాళ్ళ వెంట పడతాడు. గోదావరి గట్టు అందం, తనికెళ్ళ భరణి మాటల చమత్కారం, ఇళయరాజా సంగీతం, రాజేంద్రప్రసాద్ నటన అన్నీ కలిసి ఆ చిత్రాన్ని ఇవాళ్టికీ చూడదగినదిగా నిలబెట్టాయి. ఇందులో నాకు పేచీ లేదు. కాని ఆ కథలో ఒక గట్టి ప్రశ్న వుంది: వృత్తిపని అన్నం పెట్టగలిగి వుండగా ఒక పనివాడు దాన్ని వదిలి అదృష్టం వెంట ఎందుకు పరుగెత్తుతాడు? ఆ అదృష్టం ఆడదాని ఒంటిమీదే ఎందుకు వుండాలి? చిత్రం ఈ ప్రశ్నను కొంతమేరకు తానే అడుగుతుంది, కొంతమేరకు తానే ఆ వెంటపడటంలో ఆనందిస్తుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ వుందో చూపించడం విమర్శకుడి పని. పుట్టుమచ్చ ముక్కను కత్తిరించి చేతి ఫోనులో చుట్టూ తిప్పుతూ "ఇదిరా కల్ట్" అనడంతో ఆ గీత చెరిగిపోతున్నది. మిగిలేది వెంటపడటం మాత్రమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'లేడీస్ టైలర్'లో సుజాత, 'దాసి'లో కమలాక్షి ఒకే నటి, అర్చన. ఒక పాత్ర తన శరీరం మీది మచ్చ కారణంగా పెళ్ళికూతురవుతుంది. మరొక పాత్ర తన శరీరం మీద తనకే హక్కు లేక నలిగిపోతుంది. 'దాసి'కి ఆమె ఉత్తమ నటిగా జాతీయ బహుమతి అందుకున్నది. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ దశకంలో తెలుగు తెర స్త్రీని ఎన్ని రకాలుగా చూసిందో ఒక పెద్ద చర్చకు తెర లేస్తుంది. రెండింటినీ కల్ట్ అనే ఒకే డబ్బాలో వేసి మూత పెడితే ఆ చర్చ పుట్టకుండానే చస్తుంది.

వంశీదే మరొక చిత్రం 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్'. విడుదలైన రోజుల్లో ఆడలేదనీ తర్వాత వెలుగులోకి వచ్చిందనీ అభిమానులే గర్వంగా చెబుతారు. రికార్డింగ్ డాన్సు అంటే ఏమిటో ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. తిరునాళ్ళలో, జాతరల్లో చెక్క బల్లల వేదిక మీద సినిమా పాట రికార్డు పెట్టి, పెద్ద నటుల వేషం కట్టిన పేద నటులు ఆడే ఆట. పోలీసుల దాడులు, పెద్దల ఛీత్కారాలు, కుర్రకారు విసిరే నాణేలు, రాత్రి ఆట అయ్యాక ఆడపిల్లల భద్రత లేని బస: ఇదీ ఆ వృత్తి. సినిమా నీడలో బతికే వాళ్ళ మీద సినిమాయే ఒక కథ అల్లడం మామూలు విషయం కాదు. ఆ బతుకును ఆ చిత్రం ఎంతవరకు పట్టుకున్నది, ఎక్కడ దాన్ని వింత మనుషుల సంతగా మార్చింది అన్నది తేల్చవలసిన విషయం. తేల్చాలంటే రికార్డింగ్ డాన్సు ఆడిన స్త్రీలను కూడా కూర్చోబెట్టి ఆ చిత్రం చూపించి వాళ్ళ మాట వినాలి. మన ఆరాధకుల్లో ఒక్కరికైనా ఆ ఆలోచన వచ్చిందా? వాళ్ళ బతుకు మన ముచ్చట అయింది. వాళ్ళ అభిప్రాయం ఎవరికీ అక్కరలేదు.

తప్పు అంతా అవతలివారిదే అంటే అది మన గొప్పలు మనం చెప్పుకోవడమే అవుతుంది. అభ్యుదయ శిబిరానికీ ఇందులో బాకీ వుంది. వస్తువు మంచిదైతే చాలు, శిల్పం సంగతి తర్వాత అన్న ధోరణి మనలో కొందరిని చాలాకాలం పట్టి వుంచింది. అందువల్ల 'మా భూమి' వంటి చిత్రాన్ని జేజేలతో ముంచెత్తాం గాని దాని నిర్మాణాన్ని విడమరిచి చెప్పలేదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తెరకెక్కించగా 1980లో విడుదలైన ఆ చిత్రంలో, కథకూ వార్తాచిత్రానికీ మధ్య నడిచే ఒక పద్ధతి వుంది. దాన్ని విద్యార్థికి వివరించే తెలుగు వ్యాసాలు ఎన్ని? మరోవైపు వంశీనీ జంధ్యాలనూ వినోదం అని పక్కకు నెట్టాం. మనం వదిలేసిన ఆ ఖాళీలోకే కల్ట్ అనే మాట వచ్చి కూర్చున్నది. పొలం బీడుపడితే తుంగ మొలుస్తుంది; తుంగను తిట్టి లాభం లేదు, దున్నాలి.

'మా భూమి' పేరుతోనే 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన నాటకం వుంది. ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా ఆడింది. పెట్రోమాక్సు దీపాల వెలుతురులో, కల్లాల్లో, కూడళ్ళలో ఆడింది. ప్రభుత్వం నిషేధించేదాకా ఆడింది. ఆ నాటకాన్ని ఎవరూ కల్ట్ అనలేదు, ఎందుకంటే అది జనం సొత్తు అయింది. సినిమాకు మనం ఆ పని చేయలేకపోయాం. తీయడం వరకు వెళ్ళాం, మోసుకువెళ్ళడం మరిచాం.

ఆరాధన మరొక పని కూడా చేస్తుంది. పదిమంది పొగిడిన పది చిత్రాలనే మళ్ళీ మళ్ళీ పొగిడిస్తుంది, మిగతావాటిని మరిపిస్తుంది. యు. విశ్వేశ్వరరావు తీసిన 'నగ్నసత్యం', 'హరిశ్చంద్రుడు' పేర్లు ఎందరు కల్ట్ అభిమానుల నోట వస్తాయి? వాటిలో కత్తిరించి పంచుకోవడానికి తగిన చమత్కారపు ముక్కలు లేవు కాబోలు. ఇక ఆ దశకంలో తెర మీదికి రాని బతుకుల మాట ఏమిటి? సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మా కొల్లేరు రూపం మారిపోయింది. సరస్సులో గట్లు లేచాయి, చేపల చెరువులు పరుచుకున్నాయి, సహకార సంఘాల పేరిట మొదలైన వ్యవహారం క్రమంగా డబ్బున్నవారి చేతుల్లోకి పోయింది. వలవేసి బతికిన మనిషి తన సరస్సులోనే కాపలా కూలీ అయ్యాడు. 1999లో అభయారణ్యమని ప్రకటించి, 2006లో గట్లు పగలగొట్టే నాటికి ఒక తరం బతుకు తారుమారయింది. నేను పైన పేర్కొన్న చిత్రాలలో ఒక్కటైనా ఆ గట్టు ఎక్కలేదు. గోదావరి మీద పడవ పాటకు చోటు దొరికింది. కొల్లేటి దోనెకు దొరకలేదు. ఆ దశకాన్ని స్వర్ణయుగమని కళ్ళు మూసుకుని కొలిచేవారికి ఈ లోటు కనిపించదు. విమర్శకు మాత్రమే కనిపిస్తుంది, ఎందుకంటే విమర్శ వున్నదాన్నే కాదు, లేనిదాన్ని కూడా చూస్తుంది.

ఇంత ఆరాధించేవారు ఆ చిత్రాల ప్రింట్లు ఏ గదిలో ఏ స్థితిలో వున్నాయని ఎందుకు అడగరు? 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి మనకు దక్కలేదు. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయింది. చలనచిత్ర పరిశ్రమ మాదని జబ్బలు చరుచుకునే రెండు తెలుగు రాష్ట్రాలు తమ భాషా చిత్రాల రక్షణను తమ బాధ్యతగా ఎంచాలి. రంగు వెలిసి, అంచులు తెగి, నిడివి తగ్గిన కాపీని ఫోనులో చూసి ఛాయాగ్రహణం అద్భుతమని మెచ్చుకోవడం, తాళపత్రం చెదలు తింటుండగా అట్టకు దండం పెట్టడం వంటిది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు, కాని పట్టుదల కావాలి. ప్రతి డిగ్రీ కళాశాలలో నెలకు ఒక చిత్రం, పూర్తి నిడివిలో, పెద్ద తెర మీద చూపించాలి. చూసిన తర్వాత గంటసేపు మాట్లాడుకోవాలి. కైకలూరు, గుడివాడ, ఆకివీడు వంటి ఊళ్ళలో గ్రంథాలయాలు ఇందుకు పనికివస్తాయి. కొల్లేటి లంక గ్రామాల్లో బడి గోడ మీద తెల్లగుడ్డ కట్టినా పనికివస్తుంది. 'దాసి'ని ఇళ్ళలో పనిచేసే స్త్రీలు చూడాలి. 'రంగుల కల'ను గోడల మీద బొమ్మలు వేసి పొట్టపోసుకునేవారు చూడాలి. వారిలో ఒకరు లేచి ఈ చిత్రం నాకు నచ్చలేదు, ఇదిగో కారణం అంటే, ఆ ఒక్క మాట వెయ్యి జేజేల కంటే విలువైనది. మన పత్రికలు ఆ మాటను అచ్చువేయాలి.

తేలికపాటి అభిప్రాయం నేరం కాదు. అది ఆలోచనకు మొదటి మెట్టు. ఆ మెట్టు మీదే పీట వేసుకుని కూర్చోవడం నేరం. ఎనభయ్యవ దశకంలో కొందరు దర్శకులు ఉన్న కొద్దిపాటి డబ్బుతో, దొరకని హాళ్ళ కోసం, జనాన్ని ఉద్దేశించి చిత్రాలు తీశారు. వాటిని జనానికి దూరం చేసింది వ్యాపారం. ఇప్పుడు ఆ దూరాన్నే పవిత్రం చేస్తున్నది ఆరాధన. ఈ రెంటి నుంచీ వాటిని విడిపించి, చూడవలసినవారి ముందు నిలబెట్టి, గుణమూ దోషమూ నలుగురిలో తేల్చుకోవడమే వాటికి మనం ఇవ్వగల గౌరవం.